కాలువలు కట్టేసినట్టే... సర్వర్లూ!

‘సర్వర్ డౌన్ అండీ, సాయంత్రం రండి...’ సచివాలయంలోనో, మీ సేవలోనో, బ్యాంకులోనో ఈ మాట వినని వాళ్లు గోదావరి జిల్లాల్లో ఉండరు. మనం విసుక్కుంటూ వచ్చేస్తాం. లోపల ఆ సర్వర్‌ను చూసుకునే మనిషిది మాత్రం వేరే బాధ. కొత్త అప్‌డేట్ వచ్చింది. ఎక్కించాడు. ‘రీస్టార్ట్ చేయాలి’ అంటోంది తెర. ఇప్పుడే చేయాలా? రాత్రికా? ఆదివారం దాకా ఆగొచ్చా? అసలు చేయకపోతే ఏమవుతుంది?

చిన్న ప్రశ్నే. కానీ తప్పు సమయంలో ఆ మీట నొక్కితే వంద మంది వరుసలో నిలబడిపోతారు. అసలు నొక్కకపోతే ఒక్కోసారి అంతకన్నా పెద్ద నష్టమే రావొచ్చు.

బోర్డు మారింది... గుమస్తా మారలేదు

ముందు ఆ రీస్టార్ట్ గొడవేంటో చూద్దాం. అంబాజీపేటలో ఓ కొబ్బరి కొట్టు ఉందనుకోండి. పొద్దున్నే యజమాని వచ్చి బోర్డు మీద ధర మార్చి వెళ్లాడు. గుమస్తా మాత్రం నిన్నటి ధరే గుర్తుపెట్టుకుని, బోర్డు వైపు చూడకుండా వచ్చిన వాళ్లందరికీ అదే చెబుతున్నాడు. అతన్ని ఒక్కసారి లేపి, బోర్డు చూపించి, మళ్లీ కూర్చోబెడితే తప్ప కొత్త ధర అమల్లోకి రాదు.

సర్వర్ కథా ఇదే. అప్‌డేట్ మార్చేది డిస్కులో ఉన్న ఫైలుని. నడుస్తున్న ప్రోగ్రామ్ మాత్రం మెమరీలోకి ఎప్పుడో ఎక్కిన పాత కాపీతోనే పని చేస్తుంటుంది. అన్నిసార్లూ మొత్తం మిషన్ ఆపక్కర్లేదు. 2014 ఏప్రిల్‌లో ‘హార్ట్‌బ్లీడ్’ లోపం బయటపడినప్పుడు ఓపెన్ ఎస్ఎస్ఎల్‌ను సరిచేసి, దాన్ని వాడుకునే సర్వీసులను ఆపి లేపితే కొత్త కోడ్ అమల్లోకి వచ్చింది. కానీ మార్పు కెర్నెల్‌లో జరిగితే అలా కుదరదు. అది కొట్టు మొత్తాన్నీ నడిపించే పెద్ద గుమస్తా. దాన్ని లేపాలంటే మామూలుగా కొట్టు మూయాల్సిందే.

ఏది ఎప్పుడన్నది మిషనే చెబుతుంది కూడా. ఉబుంటులో అయితే ‘రీబూట్ రిక్వైర్డ్’ అనే చిన్న ఫైలు పుట్టుకొస్తుంది. రెడ్ హ్యాట్ రకాల్లో ‘నీడ్స్ రీస్టార్టింగ్’ అని అడిగితే జవాబిస్తుంది. విండోస్ సంగతి తెలిసిందేగా, ఊరుకోమన్నా ఊరుకోదు! మైక్రోసాఫ్ట్ 2003 అక్టోబరు నుంచి నెలలో రెండో మంగళవారం అప్‌డేట్‌లు వదిలే అలవాటు పెట్టుకుంది. మన గడియారంలో అప్పటికి రాత్రి పదిన్నర దాటుతుంది. కాబట్టి మనవాళ్లు దాన్ని చూసేది బుధవారమే. మంగళవారం పూట కొత్త పనులకు ముహూర్తం పెట్టని ఇళ్లకు ఇదీ ఓ ఊరట!

59 రోజుల దూరం

‘నడుస్తోందిగా, ఎందుకు కదపడం’ అనుకోవడం సహజం. దాని ఖరీదు 2017 మే 12న ప్రపంచానికి తెలిసింది. ‘వనాక్రై’ అనే రాన్సమ్‌వేర్ ఆ రోజు విరుచుకుపడి, కంప్యూటర్లలోని ఫైళ్లకు తాళం వేసి, తీయాలంటే డబ్బు కట్టమంది. 150 దాకా దేశాల్లో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లు దానికి చిక్కాయి. మన రాష్ట్రాన్నీ వదల్లేదు. చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్నం, శ్రీకాకుళం జిల్లాల్లో కొన్ని పోలీసు కంప్యూటర్లకు ఆ సెగ తగిలింది. తర్వాత కొద్ది రోజులకే తితిదే కార్యాలయాల్లోని కొన్ని కంప్యూటర్లలోనూ అదే కనిపించింది.

ఈ దాడి వాడుకున్న లోపానికి మందు అప్పటికే ఉంది. మైక్రోసాఫ్ట్ దాన్ని మార్చి 14నే విడుదల చేసింది. దాడికి సరిగ్గా 59 రోజుల ముందు! కాలం చెల్లిన ఎక్స్‌పీ లాంటి వాటికి మాత్రం దాడి మొదలయ్యాకే అందింది. ఆ ప్యాచ్ పనిచేయాలంటే రీస్టార్ట్ తప్పదు. ఎక్కించని చోటా, ఎక్కించి ‘తర్వాత చేద్దాంలే’ అనుకున్న చోటా మందు ఉన్నా లేనట్టే.

అలాగని వచ్చింది వచ్చినట్టే ఎక్కించేస్తే? దానికీ ఓ కథ ఉంది. 2024 జులై 19న మన సమయం ప్రకారం ఉదయం 9.39కి క్రౌడ్‌స్ట్రైక్ సంస్థ పంపిన ఒక్క తప్పుడు ఫైలు దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లను నీలి తెరతో నిలబెట్టేసింది. ఆ రోజు హైదరాబాద్ నుంచి కోల్‌కతా వెళ్లే ఓ ప్రయాణికుడికి ఇండిగో వాళ్లు పెన్నుతో రాసిచ్చిన బోర్డింగ్ పాస్ ఫొటో దేశమంతా తిరిగింది. తప్పును 78 నిమిషాల్లోనే వెనక్కి తీసుకున్నారు. అయినా అప్పటికే పడిపోయిన మిషన్లలో చాలావాటిని మనుషులు ఒక్కొక్కటిగా లేపాల్సి వచ్చింది. కొన్నింటిని పదిహేనుసార్లు దాకా రీబూట్ చేసి చూడమని మైక్రోసాఫ్టే చెప్పింది!

ఆలస్యం చేస్తే అలా, అందరికీ ఒకేసారి తోసేస్తే ఇలా. మరి మధ్యదారి ఏది?

ధవళేశ్వరం చెప్పే దారి

ఈ చిక్కు డెల్టాకు కొత్తేం కాదు. కాటన్ ఆనకట్ట పూర్తయిన 1852 నుంచి ఈ నేల కాలువల మీదే బతుకుతోంది. తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలు కలిపి సుమారు పది లక్షల ఎకరాలు. ఇంత పెద్ద వ్యవస్థనూ దాళ్వా చివరికొచ్చాక ఏటా కొన్ని వారాలు ఆపేస్తారు. నీళ్లు పారుతుంటే పూడిక తీయలేరు. లాకుల తలుపులు విప్పలేరు. గుర్రపుడెక్కను మొదలంటా పీకలేరు.

ఆపడం ఖాయమే. ఎప్పుడన్నదే గొడవంతా. ఆలస్యంగా ఊడ్చిన శివారు రైతుకు ఇంకో తడి కావాలి. గింజ పాలు పోసుకునే వేళ నీళ్లు ఆగితే ఏడాది కష్టం తాలుగింజల పాలే. ఇంజినీర్లకేమో జూన్‌లో మళ్లీ నీళ్లు వదిలేలోపు పనులు తెమలాలి. ఇద్దరి మాటా నిజమే. అందుకే ఫలానా తేదీకి కట్టేస్తున్నామని ముందే చాటుతారు. ఊళ్లలో మంచినీటి చెరువులు ఆలోపే నింపుకోమంటారు. ఎక్కడ ఏ మరమ్మతో అంచనాలు ముందే వేసుకుంటారు. ఒక్కోసారి రైతుల కోసం గడువు నాలుగు రోజులు జరుపుతారు. అంతేగానీ ఈ ఏడాదికి మానేద్దాం అనుకోరు.

సర్వర్ గదిలోనూ జరగాల్సింది ఇదే. చెరువులు నింపుకోవడమంటే బ్యాకప్ తీసుకోవడం. చాటింపు అంటే వాడేవాళ్లకు ముందుగా కబురు చెప్పడం. 2024 జులై 13న హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంకు తన ప్రధాన వ్యవస్థను మార్చుకునేందుకు తెల్లవారుజాము 3 నుంచి సాయంత్రం 4.30 దాకా గడువు పెట్టుకుంది. బ్యాంకులకు సెలవుండే రెండో శనివారం చూసుకుంది. యూపీఐ ఏ గంటల్లో పనిచేయదో ముందే చెప్పింది. ‘డౌన్ అండీ’ అనే జవాబుకూ దీనికీ ఎంత తేడా!

మంచి ముహూర్తం ఏది?

అయితే కాలువల పంచాంగం సర్వర్లకు పనికిరాదు. కాలువలు ఖాళీ అయ్యే ఏప్రిల్, మే నెలల్లోనే దాళ్వా ధాన్యం కొనుగోళ్లు జోరుగా సాగుతాయి. తేమ శాతం చూసి, బస్తాలు తూచి, వివరాలు కంప్యూటర్లోకి ఎక్కించే రోజులవి. అప్పుడు తెర ఆగితే రైతు ధాన్యం కళ్లంలోనే ఉంటుంది. పైన మబ్బు పడితే ఆ ఒక్క పూటా చాలా పెద్దది. ఒకటో తారీఖు పింఛన్లు సరేసరి. వేలిముద్ర పడక ఎదురుచూసే ముసలమ్మకు ‘అప్‌డేట్ నడుస్తోంది’ అని చెబితే ఏం అర్థమవుతుంది? సంక్రాంతికి ముందు బస్సు టికెట్లు, ఇంజినీరింగ్ కౌన్సెలింగ్ రోజులు, కార్తికంలో అన్నవరం రద్దీ... ఎవరి పంట కాలం వాళ్లది.

తెల్లవారుజాము రెండింటికి చేస్తే సరి అంటారు చాలామంది. ఆఫీసులకు సరే. రాత్రంతా క్యాజువాలిటీ నడిచే ఆసుపత్రికి అది సుఖమైన వేళేం కాదు. పైగా రెండింటికి మిషన్ లేవకపోతే సాయానికి ఎవరు లేస్తారు? శుక్రవారం సాయంత్రం ముట్టుకోవద్దనే మాట ఈ రంగంలో అందుకే పుట్టింది. సంక్రాంతి మూడు రోజులూ ఆఫీసులు ఖాళీయే కదా అని ముచ్చటపడేరు... తేడా వస్తే సరిచేయాల్సిన మనిషి కోడిపందేల బరి దగ్గర దొరుకుతాడు!

లేవకపోతే?

అసలు భయం ఇదే. ‘మూడేళ్లుగా మా సర్వర్ ఒక్కసారీ ఆగలేదు’ అని గొప్పగా చెప్పుకునే వాళ్లున్నారు. ఆ మాట వింటే మెచ్చుకోబుద్ధి కాదు, గుబులేస్తుంది. ఈ మూడేళ్లలో ఎవరో ఓ సెట్టింగు మార్చి, భద్రపరచడం మరిచి ఉంటారు. ఇంకెవరో ఓ సర్వీసును చేత్తో మొదలుపెట్టి, దానంతటది మొదలయ్యేలా పెట్టి ఉండరు. నడుస్తున్నంత కాలం ఇవేవీ కనిపించవు. ఓ మే నెల మధ్యాహ్నం ఈదురుగాలికి కరెంటు పోయి, యూపీఎస్ కూడా చేతులెత్తేసినప్పుడు అన్నీ ఒక్కసారే బయటపడతాయి. మార్చినవాడు అప్పటికి హైదరాబాదులో వేరే ఉద్యోగంలో ఉంటాడు. అదే నెలనెలా ఆపి లేపే అలవాటుంటే ఏం తేడా వచ్చినా అది ఈ నెల చేసిన పనిలోనే దొరుకుతుంది.

ఆపకుండా కుదరదా అంటే కొంతవరకు కుదురుతుంది. ఎంఐటీలో పుట్టిన ‘కెస్ప్లైస్’ 2008లో ఆ దారి చూపింది. 2015 ఏప్రిల్‌లో వచ్చిన లినక్స్ 4.0 నుంచి ‘లైవ్ ప్యాచింగ్’ కెర్నెల్‌లోనే చేరింది. పాత పాయకు అడ్డుకట్ట వేసి నీటిని పక్క కాలువలోకి మళ్లించినట్టు, లోపమున్న కోడ్ దగ్గరికి వచ్చిన పనిని కొత్త కోడ్‌కు మళ్లిస్తారు. అన్ని మార్పులూ అలా ఒదగవు. నాలుగు రోజులు గడువు జరుపుకోవడానికి మాత్రం బాగా పనికొస్తుంది.

రెండు సర్వర్లు పెట్టుకునే స్తోమత ఉంటే ఇంకా మేలు. నీళ్లు తక్కువైన దాళ్వాల్లో మనవాళ్లు చేసే వంతులవారీ పద్ధతే. ఒకటి ఆపి లేపేదాకా రెండోది పని చూసుకుంటుంది. మొదటిది సవ్యంగా లేచాకే రెండోదాని జోలికెళతారు. క్రౌడ్‌స్ట్రైక్ రోజున కొరవడింది ఈ వంతే.

2027లో గోదావరి పుష్కరాలు. ఘాట్ల పనుల మాట అందరూ మాట్లాడతారు. రైలు, బస్సు, బస, పోలీసు కంట్రోల్ రూమ్... వీటి వెనకున్న మిషన్లకు ఆ పన్నెండు రోజులూ ఎవరూ చేయి పెట్టకూడదు. కాబట్టి వాటి ఆఖరి అప్‌డేట్, ఆఖరి రీబూట్ అంతకు ఎన్ని రోజుల ముందు ముగించాలో ఎక్కడో ఓ గదిలో ఎవరో ఒకరు క్యాలెండర్ మీద గుర్తు పెట్టుకోవాలి. లేచిన మిషన్‌ను రెండు మూడు రోజులు రద్దీలో నడిపి చూసుకునే వ్యవధి వదిలి మరీ!