ఓడింది జట్టు, పోయింది కోచ్

గోదావరి జిల్లాల్లో ఫుట్‌బాల్ అంటే ప్రపంచ కప్ జరిగే నెలరోజుల ముచ్చటే. కొవ్వూరులోనూ అంతే. అర్ధరాత్రి దాకా మేలుకుని చూసేవాళ్లకు మర్నాడు వచ్చే సందేహం ఒకటుంది: ఎదురుగా ఉన్న గోలు కొట్టలేకపోయింది ఆటగాడైతే, ఉద్యోగం పోయేది కోచ్‌దేమిటి?

ఒక క్లబ్బులో పాతికమంది దాకా ఆటగాళ్లుంటారు. అందరికీ ఒప్పందాలుంటాయి, మార్చుకోడానికి ఏడాదిలో కొన్ని వారాలే గడువు. కోచ్ ఒక్కడు, ఎప్పుడైనా పంపేయొచ్చు. గ్యాలరీలో కేకలు, టీవీలో చర్చలు, స్పాన్సర్ల నుంచి ఫోన్లు మొదలయ్యాక యాజమాన్యం ఏదో ఒకటి చేసినట్టు కనబడాలి. అందుబాటులో ఉన్న మెడ అదొక్కటే.

భారత జట్టు సంగతే చూడండి. క్రొయేషియాకు చెందిన ఇగోర్ స్టిమాచ్‌ను 2019లో కోచ్‌గా పెట్టుకున్నారు. జట్టు ఎంపికకు ముందు పేర్ల జాబితాను ఆయన ఒక జ్యోతిష్కుడికి పంపేవారని, ఆ పరిచయం చేయించింది ఫెడరేషన్ పెద్దేనని తర్వాత పత్రికలు రాశాయి. (బయటి ఒత్తిళ్లలో గ్రహాలనూ కలుపుకోవాలి కాబోలు.) 2023 చివర్లో ఒప్పందాన్ని 2026 దాకా పొడిగించారు. ఏడాది తిరక్కుండానే, 2024 మార్చిలో గువాహటిలో అఫ్గానిస్తాన్ చేతిలో ఓడాం. జూన్ 11న ఖతార్ చేతిలోనూ ఓడి ప్రపంచ కప్ అర్హత పోటీల్లో ఆగిపోయాం. లైను దాటిన బంతిని వెనక్కి లాగి కొట్టిన గోలును ఆ మ్యాచ్‌లో రిఫరీ ఒప్పుకున్నాడు. జూన్ 17న స్టిమాచ్‌ను తీసేశారు. ఆయన ఊరుకోలేదు. చివరికి సుమారు 4 లక్షల డాలర్లకు, అంటే మూడు కోట్ల రూపాయలకు పైగా ఇచ్చేలా రాజీ కుదిరిందని వార్తలొచ్చాయి.

సరే, మార్చాక జట్టు బాగుపడుతుందా? ఒక్కోసారి వెంటనే ఒకటి రెండు మ్యాచ్‌లు గెలుస్తుంది. బాస్ టర్ వీల్ అనే ఆర్థికవేత్త నెదర్లాండ్స్ లీగ్‌లో దాదాపు రెండు దశాబ్దాల ఫలితాలు తిరగేశాడు. అంతే ఘోరంగా ఓడుతూ కూడా కోచ్‌ను మార్చని జట్లు అదే తీరులో కోలుకున్నాయని తేల్చాడు. మూడోరోజు తగ్గాల్సిన జ్వరానికి ఆరోజు వేసుకున్న మాత్ర పేరు కొట్టేసినట్టు, కొత్త కోచ్‌కు పేరొస్తుంది.

హైదరాబాద్ ఎఫ్‌సీ కథ ఇంకా దగ్గరిది. స్పెయిన్ నుంచి వచ్చిన మనోలో మార్కెజ్ 2022 మార్చిలో ఆ జట్టుకు ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) కప్పు తెచ్చిపెట్టారు. 2023లో ఆయన గోవాకు వెళ్లిపోయారు. జీతాలు అందక ఆటగాళ్లు ఒకరి వెంట ఒకరు తప్పుకున్నారు. బకాయిల వల్ల కొత్తవాళ్లను తీసుకోకుండా నిషేధం పడింది. మిగిలిన కుర్రాళ్లతో కోచ్ తాంగ్‌బోయ్ సింగ్టో బరిలోకి దిగితే, ఆ సీజన్ ఐఎస్ఎల్ మొత్తానికి ఒక్కటే గెలుపు. అందులో ఆయన తప్పెంత? 2024 డిసెంబర్‌లో ఆయనా వెళ్లారు. 2025లో క్లబ్బే ఢిల్లీకి తరలిపోయింది. అన్నట్టు, మార్కెజ్ తర్వాత భారత కోచ్ అయ్యారు. ఏడాదిలో ఒక్క మ్యాచ్ గెలిపించి తప్పుకున్నారు. కప్పు తెచ్చిన మనిషే.

మరి ఒకప్పటి భారత కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం ఎలా నిలబడ్డారు? 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో ఆయన జట్టు యుగోస్లావియా చేతిలో 1-10తో చిత్తయింది. ఈరోజుల్లో అయితే విమానం దిగకముందే ఉత్తరం వచ్చేది. రహీం బడిపంతులు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు కోచ్. పైగా హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి ఆయనే కార్యదర్శి. సొంతగడ్డ మీద ఆయన్ను తీసేసే కుర్చీలో ఆయనే కూర్చున్నారన్నమాట. జాతీయ జట్టు దగ్గర ఆ భరోసా లేదు. 1951లో ఆసియా క్రీడల స్వర్ణం తెచ్చినా, 1954లో మనీలాకు, 1958లో టోక్యోకు వేరే కోచ్‌లు వెళ్లారు. రెండుసార్లూ స్వర్ణం రాలేదు. 1962లో జకార్తాకు మళ్లీ రహీం వెళ్లారు, దక్షిణ కొరియాపై 2-1తో గెలిచి వచ్చారు.

బయటి ఒత్తిడికి మనిషిని బలిచ్చే ఈ జబ్బు ఫుట్‌బాల్‌కే పరిమితం కాదు. కాకినాడలో పుట్టిన క్రికెటర్ హనుమ విహారి 2024 జనవరిలో ఒక్క మ్యాచ్ కాగానే ఆంధ్ర రంజీ కెప్టెన్సీ వదిలేశాడు. పదిహేడో ఆటగాడిని మందలిస్తే, రాజకీయ నాయకుడైన అతని తండ్రి ఒత్తిడి తెచ్చి తనను తప్పించాడని ఫిబ్రవరిలో బయటపెట్టాడు. ఇక ఆంధ్రకు ఆడనన్నాడు. విహారి మాట తీరుపైనే ఫిర్యాదులున్నాయని ఆంధ్ర క్రికెట్ సంఘం అంది. జూన్‌లో రాష్ట్ర ప్రభుత్వం మారింది. మంత్రి లోకేష్ పిలిచి మాట్లాడారు, విహారి తిరిగి ఆంధ్రకే ఆడాడు. ఆ ఫిబ్రవరికీ జూన్‌కీ మధ్య ఆంధ్ర జట్టు రంజీ మ్యాచ్ ఒక్కటీ ఆడలేదు.