చీర అంచున కోటకొమ్మ

‘కోటకొమ్మ’ అను మాట తెలుగున చాల పాతది. కోటగోడ పైయంచున వరుసగా లేచి, వెనుక నిలిచిన భటునికి మరుగును, బాణము వేయుటకు సందును ఇచ్చు కట్టడమునకు అది పేరు. నేడు ఆ కోటలలో భటులు లేరు. గోడలు పలుచోట్ల కూలిపోయినవి. మాట మాత్రము బ్రతికియే యున్నది. గద్వాలలో ఒక మగ్గము ముంగిట నిలిచి కోటకొమ్మ ఏదియని అడిగినచో, నేతగాడు గోడను చూపడు. చీర అంచును చూపును. అంచురంగు నడిమి రంగులోనికి కోసుగా, మెట్టు మీద మెట్టుగా చొచ్చుకొనిపోయిన ఆ వరుసకే కోటకొమ్మ యని పేరు. దానినే కుంభమనియు అందురు. కాంచీపురమున ఇట్టి అంచునే గోపురముతో పోల్చి చెప్పుదురు. ప్రతి సంవత్సరము తిరుమల బ్రహ్మోత్సవములకు గద్వాల సంస్థానము పక్షమున సమర్పించు ఏరువాడ జోడు పంచెల అంచులలో సైతము ఈ కోటకొమ్మలే నిలిచియుండును.

రాళ్లతో కట్టిన కోట దారములతో నేసిన చీర మీదికి ఎట్లు వచ్చెను? ఇది కేవలము అనుకరణమా, లేక అంతకంటె లోతైన బంధుత్వమా? నేడు దేశదేశముల వేషరచయితలు ప్రాచీన దేవాలయములను, స్తంభములను, గోపురములను చూచి దుస్తులు కల్పించుచున్న కాలమున ఈ ప్రశ్నకు విలువ కలదు. ఆ చీర కొనువారము మనమే గనుక, మన సంసారములకును దీనితో నిమిత్తమున్నది.

మొదట ఒక దురభిప్రాయమును ప్రక్కకు పెట్టవలెను. భవనము పెద్దది, వస్త్రము చిన్నది. కావున పెద్దదానిని చూచి చిన్నది నేర్చుకొన్నదని మనము తలంతుము. చరిత్ర అట్లు చెప్పుట లేదు. పలుచోట్ల వస్త్రమే గురువు, రాయి శిష్యురాలు.

ఇరాకు దేశమందలి నినెవె నగరమున క్రీ.పూ. 7వ శతాబ్దిలో అస్సిరియా రాజు అషుర్‌బనిపాల్ ఒక నగరు కట్టించెను. దాని గడపరాళ్లలో ఒకటి నేడు లండనులోని బ్రిటిషు మ్యూజియమున కలదు. పలక నిండ పూలరేకులు, చుట్టును తామరలు, తామరమొగ్గల అంచు. చూచినవారు దానిని తివాచీ యనుకొందురు. అట్లు అనుకొనవలెననియే శిల్పి దానిని చెక్కెను. ఆ రాజుల కాళ్లక్రింది తివాచీ ఒక్కటియు మనకు మిగులలేదు. ఉన్నిని కాలము తిన్నది. ఉన్ని నేర్పిన పాఠమును రాయి దాచిపెట్టినది.

గ్రీకు స్తంభముల సంగతియు ఇంతే. నిలువునా గాడులు తీసిన ఆ కంబముల బొమ్మలను మన పిల్లలు సైతము పాఠ్యపుస్తకములలో చూచియుందురు. క్రీస్తుకు పూర్వము 1వ శతాబ్దిలో వాస్తుశాస్త్రము వ్రాసిన రోమను పండితుడు విట్రూవియస్, అయోనియా రీతి స్తంభమును స్త్రీమూర్తితో పోల్చెను. తలకట్టున నున్న చుట్టలు ఆమె ముంగురులట. నిలువు గాడులు ఆమె కట్టుకొన్న వస్త్రపు మడతలట. పోలిక కవిది కాదు, కట్టడములు కట్టించినవానిది.

మన దేశమునకు వత్తము. సారనాథమందలి ధమేఖ స్తూపము గుప్తుల నాటి శిల్పమునకు పేరుపొందినది. దాని చుట్టును లతలతోను, రేఖాచిత్రములతోను నిండిన వెడల్పైన రాతిపట్టీ కలదు. పూజాకాలమున స్తూపమునకు మేలి వస్త్రములు చుట్టు ఆచారమే ఈ పట్టీకి మూలమని కళాచరిత్రకారులలో కొందరు తలచిరి. అజంతా గుహలలో పైకప్పుల మీది చిత్రములను చూచినచో చాందినీ కట్టినట్లే యుండును.

ఇక మన లేపాక్షి. విజయనగర చక్రవర్తి అచ్యుతరాయలు 1529 నుండి 1542 వరకు పాలించెను. ఆ కాలమున విరూపణ్ణ, వీరణ్ణ అను సోదరులు కట్టించిన వీరభద్రాలయమున ఈ ఇచ్చిపుచ్చుకోలు రెండు విధముల కనుపించును. మండపముల పైకప్పున వ్రాసిన చిత్రములలో స్త్రీలు ధరించిన చీరలను నిదానించి చూడుడు. చారలు, గళ్లు, పూలు, అంచులు అన్నియు వేరువేరు. చిత్రకారుడు ఆనాటి నేతపనిని కన్నులార చూచి వ్రాసినవాడు. అదే ఆలయమున లతామండపమను పేరుగల చోట కంబములనిండ తీగెలు, పూలు, పక్షులు, గీతల అల్లికలు చెక్కియున్నవి. ఆ నమూనాలు చీరల అంచులకు ఎక్కినవని ఆ ప్రాంతమున వాడుక. ఆ జిల్లాలోనిదే పట్టుచీరలకు పేరొందిన ధర్మవరము. చీర చిత్రమైనది, చిత్రము శిల్పమైనది, శిల్పము మరల చీరయైనది. ఎవరు ఎవరికి ఋణపడిరో విడదీసి చెప్పుట కష్టము.

కోటకొమ్మయును కోటను విడిచి అలంకారమగుట నిన్నటి మాట కాదు. క్రీస్తుకు పూర్వపు భర్హుతు స్తూపపు రాతికంచె నేడు కలకత్తా మ్యూజియమున నున్నది. దాని పైదూలము మీద మెట్లుమెట్లుగా నున్న కొమ్మలు, నడుమ తామరపూలు వరుసగా చెక్కియున్నవి. ఆ కంచె వెనుక విల్లు పట్టినవాడెవడును లేడు. రక్షణకై పుట్టిన ఆకృతి రెండువేల యేండ్లకు పూర్వమే కేవల సౌందర్యమునకు పనికివచ్చినది.

ఇప్పుడు ఆధునిక కాలమునకు రాదము. ప్రాచీన శిల్పమునుండి కొత్త దుస్తు పుట్టిన కథలలో ఒకటి మిక్కిలి ప్రసిద్ధము. 1896లో గ్రీసు దేశమందలి డెల్ఫీ క్షేత్రమున త్రవ్వకములలో ఒక కంచు విగ్రహము బయటపడెను. అది రథము తోలు యువకునిది, క్రీ.పూ. 5వ శతాబ్దిలో పోతపోసినది. అతని నిలువుటంగీ మడతలు నడుము క్రిందనుండి స్తంభపు గాడుల వలెనే తిన్నగా దిగియుండును. స్పెయినున పుట్టి వెనిసు నగరమున స్థిరపడిన మరియానో ఫోర్చూని 1907 ప్రాంతమున ఆ విగ్రహము పేరనే ‘డెల్ఫోస్’ అను పట్టు గౌనును వెలువరించెను. భుజము నుండి పాదము వరకు సన్నని వందల మడతలు. ప్రక్కల గాజుపూసలు గ్రుచ్చిన త్రాడు. దానిని పెట్టెలో మడిచి పెట్టుట లేదు. చిలుపవలె మెలిపెట్టి చిన్న డబ్బాలో చుట్టి ఉంచెడివారు. 1909లో పారిసున ఆయన దానికి హక్కు పత్రము పొందెను. ఆ పత్రము ప్రతిమీద, ఈ వస్త్రమును కనిపెట్టినది తన భార్య హెన్రియెట్ అని స్వహస్తముతో వ్రాసియుంచెను.

ఈ దంపతులు చేసినదేమి? స్తంభపు బొమ్మను గుడ్డ మీద అచ్చు వేయలేదు. స్తంభమును స్తంభముగా చేయు గుణమేదో, ఆ నిలువు మడత, దానిని గుడ్డ స్వభావములోనికే ఎక్కించిరి.

దీని ప్రక్కన మరియొక ఉదాహరణమును పెట్టి చూతము. సిసిలీ ద్వీపమున మోన్రియాలె అను ఊర 12వ శతాబ్దపు ప్రార్థనాలయమొకటి కలదు. దాని గోడలనిండ బంగారు రంగు గాజుముక్కలతో కూర్చిన చిత్రములున్నవి. ఇటలీ సంస్థయగు డోల్చే అండ్ గబ్బానా వారు 2013 శరత్కాలపు దుస్తులకు ఈ చిత్రములనే ఆధారముగా తీసికొని, గుడ్డమీద అచ్చు వేయించి, పూసలతోను, తళుకులతోను నింపిరి. అందమైన పనియే. కాని ఇచ్చట గోడ మీది బొమ్మ గుడ్డ మీదికి దిగినది. గోడను కట్టిన రీతి గుడ్డలోనికి దిగలేదు. ప్రతిధ్వనులు రెండు విధములు. ఒకటి రూపమునకు, రెండవది నిర్మాణమునకు. మన కోటకొమ్మ రెండవ జాతిది. అది ఎట్లో చెప్పెదము.

దేవాలయ గోపురమును ఒకమారు తలచుకొనుడు. దూరమునుండి చూచినచో దాని ప్రక్కలు ఏటవాలుగా పైకి పోయినట్లుండును. దగ్గరకు పోయినచో ఏటవాలు గీత ఎక్కడను లేదు. అన్నియు అడ్డవరుసలే. ఒక అంతస్తు మీద మరియొక అంతస్తును కొంచెము లోపలికి జరిపి కట్టుకొనుచు పోయిరి. ఆ జరుపుటయే వాలుగా కనుపించును. మగ్గము మీద జరుగు పనియును ఇదియే. పడుగు నిలువు, పేక అడ్డము. దారమునకు మూలగా నడచు స్వాతంత్ర్యము లేదు. నేతగాడు ఒక వరుసలో అంచురంగును ఇన్ని పోగుల వరకు పోనిచ్చి, తరువాతి వరుసలలో క్రమక్రమముగా వెనుకకు తగ్గించును. ఆ తగ్గింపే శిఖరమగును. గోపురము కట్టు కాసెపనివానికిని, అంచు నేయు సాలెకును లెక్క ఒక్కటే. అందువలననే ఈ ఆకృతి చీర మీద అతికించినట్లుండదు, అక్కడనే పుట్టినట్లుండును.

దీనికి తోడు అతుకు విద్యయొకటి కలదు. మామూలు నేతలో ఒకే నాడె ఈ చివరనుండి ఆ చివరకు పోవును. కనుక నడిమి రంగు అంచులో కలిసి అంచు మసకబారును. కుప్పడపు నేతలో మూడు నాడెలు: నడిమికి ఒకటి, రెండంచులకు రెండు. ప్రతి వరుసలోను నడిమి పేకయు అంచు పేకయు ఒకచోట కలిసికొని, ఒకదానినొకటి కొక్కెము వలె పట్టుకొని, ఎవరి దారిన వారు వెనుకకు మరలవలెను. ఒక మనిషికి ఇది తీరిక పడదు. సామాన్యముగా ప్రక్కన సహాయకుడొకడు కూర్చుండును. గద్వాల చీరలో నడుము నూలు, అంచు పట్టు అగుట వాడుక. రెండు స్వభావముల దారములను ఆ చిన్న కొక్కెములే జీవితాంతము పట్టి నిలుపును. కాంచీపురమున ఇట్టి అతుకును కోర్వై యందురు. 1936లో కళాక్షేత్రమును స్థాపించిన రుక్మిణీదేవి అరండేల్ అక్కడ నేతశాలను కూడ నెలకొల్పి పాత అంచులను మరల వాడుకలోనికి తెచ్చెను.

చిక్కు ఇక్కడనే యున్నది. కోటకొమ్మ రూపమును మరమగ్గము మీద జాకార్డుతో తీయవచ్చును. గుడ్డ మీద అచ్చు కొట్టవచ్చును. పెండ్లిలో పది అడుగుల దూరమునుండి చూచువారికి భేదము తెలియదు. ఇద్దరు మనుష్యులు దినముల తరబడి కూర్చుండి చేసిన అతుకునకును, యంత్రము గంటలలో వదలిన బొమ్మకును అంగడిలో ఒకే పేరు, ఒకే అద్దాల బీరువా. 1985లో భారత ప్రభుత్వము చేసిన చట్టమొకటి కొన్ని విధముల చీరలను, ధోవతులను, మరికొన్ని వస్త్రములను చేనేతకే కేటాయించినది. మొదట 22 రకములుండగా, తరువాత వానిని 11కు తగ్గించిరి. 1999 నాటి భౌగోళిక గుర్తుల చట్టము క్రింద గద్వాల, ధర్మవరము మొదలగు పేర్లకు రక్షణ లభించినది. కాని ఆ రక్షణ ఊరిపేరుకు; కోటకొమ్మ ఆకృతికి యజమాని యెవరును లేరు, ఉండజాలరు. కావున చట్టము ఆగినచోట కొనువారి కన్ను పనిచేయవలెను.

ఆ కన్ను అలవరచుకొనుట కష్టము కాదు. చీరను తిరగవేసి అంచు కలిసినచోట చూడుడు. అచ్చు వేసినదైనచో వెనుక వెలవెలబోయియుండును. జాకార్డు తీసినదైనచో వెనుక తెగిన పోగులో, వ్రేలాడు పోగులో కనుపించుట కలదు. కుప్పడపు అతుకైనచో నడిమి రంగు అంచులోనికి పోక అక్కడనే మరలియుండును. వ్రేలితో తడిమినచో సన్నని గట్టువంటిది తగులును. అంచురంగు తేటగా, ఏ కలగలుపును లేక నిలుచును. చేనేత గుర్తు, పట్టు గుర్తు ఉన్నవేమో అడుగుడు. అచ్చువేసిన చీర కొనుట తప్పని మేమనము. ధర తక్కువ గనుక పలువురకు అదే అందుబాటు. అచ్చు అని తెలిసి, అచ్చునకు తగిన ధరకు కొనుట న్యాయము. నేత ధరకు అచ్చును కొన్నప్పుడు మోసపోవువారు ఇద్దరు: కొన్నవారొకరు, నేసినవాడొకడు.

డెల్ఫోస్ గౌనులకు తుదకేమి జరిగెనో చెప్పి ముగించెదము. ఫోర్చూని 1949లో మరణించెను. గౌనులు పలు మ్యూజియములలో భద్రముగా నున్నవి. బొమ్మలున్నవి, హక్కు పత్రమున్నది. ఆ మడతలు అన్ని సంవత్సరములు చెదరకుండ ఎట్లు వేసిరో ఆ రహస్యము మాత్రము ఎవరికిని పూర్తిగా అందలేదు. రూపము మిగిలినది, చేయి పోయినది. లేపాక్షి కంబము మీద లత పదిలముగా నున్నది. మరి నూరేండ్లకైనను దానిని చూచి గీసికొనవచ్చును. కాని మూడు నాడెలు కలిసికొను ఆ కొక్కెమును ఏ శిల్పియు ఏ కంబము మీదను చెక్కలేదు. అది గద్వాలలో, కాంచీపురములో, నేతగాండ్ర వ్రేళ్లలో మాత్రమే వ్రాసియున్నది. ఆ వ్రేళ్లకు పనియున్నంతవరకే కోటకొమ్మ కూలకుండ నిలుచును.