కొండెక్కే ముందు మెట్లెక్కండి

తెనాలి, బాపట్ల, రేపల్లె... మనది చదునైన డెల్టా నేల. మన ఊళ్లలో ఎత్తు అంటే రైల్వేస్టేషన్ వంతెన, కాలువ కట్ట. అలాంటి మనం ఏ సెలవుల్లోనో ఒక్కసారిగా కొండ ఎక్కేస్తాం. ఒకసారి తిరుమల, ఇంకోసారి కేదార్‌నాథ్, పిల్లలు జపాన్‌లో ఉంటే ఫుజీ పర్వతం. తప్పకుండా వెళ్లండి. కాకపోతే టికెట్లతో పాటు ఒంటినీ సిద్ధం చేసుకోండి.

ఆ మధ్య యాభై రెండేళ్ల ఉద్యోగి ఒకాయన మా ఓపీకి వచ్చారు. అంతకు రెండు రోజుల ముందు అలిపిరి మెట్ల దారిలో తిరుమల ఎక్కారు. సగం దారిలో ఛాతీ బరువెక్కి, చెమటలు పట్టాయి. ‘గ్యాసేమో అనుకొని మాత్ర వేసుకున్నానండీ’ అన్నారు. ఈసీజీ తీస్తే గుండెపోటు వచ్చి వెళ్లినట్టు తేలింది. ప్రాణం దక్కింది కానీ గుండె కండరం కొంత దెబ్బతింది. ‘రోజూ వాకింగ్ చేస్తాను కదండీ!’ అన్నది ఆయన సందేహం. చాలామందిదీ అదే.

నడక వేరు, ఎక్కడం వేరు

చదునుగా ఉన్న చోట నడిస్తే శరీరం ముందుకు మాత్రమే కదులుతుంది. మెట్టు ఎక్కిన ప్రతిసారీ మొత్తం బరువును పైకి ఎత్తాలి. కండరాలకు ఆక్సిజన్ ఎక్కువ కావాలి, గుండె వేగంగా కొట్టుకోవాలి. రక్తనాళాల్లో పూడికలుంటే చదును నడకలో బయటపడకపోవచ్చు. అలిపిరి దారిలో 3,550 మెట్లున్నాయి. అందులో గాలిగోపురం వరకు ఎక్కుడు చాలా నిటారుగా ఉంటుంది.

ముందు ఎవరు పరీక్ష చేయించుకోవాలి?

నలభై దాటి షుగర్, బీపీ, పొగతాగే అలవాటు ఉన్నవారు, ఇంట్లో ఎవరికైనా చిన్న వయసులో గుండెపోటు వచ్చినవారు, ఇంటి మెట్లెక్కితేనే ఆయాసపడేవారు ముందుగా డాక్టరును కలవాలి. కదలకుండా పడుకున్నప్పుడు తీసిన ఈసీజీ మామూలుగా ఉన్నంత మాత్రాన గుండె బాగున్నట్టు కాదు. అవసరాన్ని బట్టి ఎకో, ట్రెడ్‌మిల్ పరీక్షలు చేయించమంటారు.

ఎనిమిది వారాల సాధన

మొదటి రెండు వారాలు రోజూ అరగంట చురుగ్గా నడవండి. బాపట్ల వారికి సూర్యలంక ఇసుక, రేపల్లె వారికి కృష్ణ కరకట్ట ఉన్నాయి. మూడో వారం నుంచి వారానికి నాలుగు రోజులు మెట్లెక్కండి. అపార్ట్‌మెంట్ మెట్లయినా చాలు. ఐదు నిమిషాలతో మొదలుపెట్టి అరగంట దాకా పెంచండి. ఎక్కుతూ ఒక వాక్యం పూర్తిగా మాట్లాడగలిగితే వేగం సరిపోయినట్టే. ఏడో వారంలో మంగళగిరి కొండ మెట్లో, కోటప్పకొండ మెట్లో ఎక్కి చూసుకోండి.

మోకాళ్లకు పరీక్ష దిగేటప్పుడే. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేచి, మెల్లగా కూర్చోవడం రోజూ 10 సార్ల చొప్పున రెండు విడతలు చేస్తే తొడ కండరాలు గట్టిపడతాయి. దిగేటప్పుడు చిన్న అడుగులు వేయండి, చేతికర్ర వాడండి.

షుగర్, బీపీ ఉంటే

మొక్కు ఉందని ఉపవాసంతో కొండ ఎక్కకండి. ఇన్సులిన్, గ్లిమిపిరైడ్ లాంటివి వాడేవారికి చక్కెర ఒక్కసారిగా పడిపోవచ్చు. వణుకు, చెమట, తలతిప్పు వస్తే వెంటనే గ్లూకోజ్ గానీ పంచదార గానీ తీసుకోండి. పాదాలు తిమ్మిరెక్కే వారు వట్టి కాళ్లతో నడిస్తే పుండు పడినా తెలియదు. మందపాటి సాక్సులైనా వేసుకోండి, రాత్రికి అరికాళ్లు చూసుకోండి. బీపీ మాత్రలు మానకండి.

2,500 మీటర్లు దాటితే

తిరుమలలో గాలి పలచబడే సమస్య లేదు. కేదార్‌నాథ్ దాదాపు 3,580 మీటర్లు, లేహ్ 3,500, ఫుజీ 3,776 మీటర్లు. 3,500 మీటర్ల ఎత్తులో ఒక్కో శ్వాసకు అందే ఆక్సిజన్ మన ఊళ్లో అందేదాంట్లో సుమారు మూడింట రెండొంతులే. హెలికాప్టర్‌లోనో విమానంలోనో నేరుగా దిగితే శరీరం అలవాటుపడే వ్యవధి ఉండదు. తలనొప్పి, వికారం, తలతిప్పు మొదలైతే ఇంకా పైకి వెళ్లకండి. కూర్చున్నా ఆయాసం వస్తుంటే, నడక తూలుతుంటే, మాట తడబడుతుంటే వెంటనే కిందికి దించాలి. 3,000 మీటర్లు దాటాక రాత్రి బస ఎత్తును రోజుకు 500 మీటర్లకు మించి పెంచకూడదు. ముందుజాగ్రత్త మాత్రలు డాక్టరు చెబితేనే వాడాలి.

ఫుజీని రాత్రంతా ఆగకుండా ఎక్కేవారు అస్వస్థులవుతుండటంతో, 2024 నుంచి యోషిదా దారిలో గేటు పెట్టారు. కొండ మీది వసతి గృహంలో బస బుక్ చేసుకోని వారిని రాత్రిపూట పైకి వెళ్లనివ్వరు. పెద్దవారికి టోక్యో దగ్గరి టకావో కొండ హాయి. ఎత్తు 599 మీటర్లే, చాలా దూరం కేబుల్ కారులో వెళ్లొచ్చు.

ఇక్కడ ఆగిపోండి

ఛాతీ మధ్యలో బరువు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, చల్లటి చెమట, ఎప్పుడూ లేని ఆయాసం... వీటిలో ఏది కనిపించినా అక్కడే కూర్చోండి. 108కి ఫోన్ చేయించండి. షుగర్ ఉన్నవారికి, మహిళలకు నొప్పి లేకుండా ఆయాసం, నీరసం మాత్రమే రావచ్చు. గ్యాస్ అని మీరే తేల్చేసుకోకండి.

మొదట చెప్పిన ఆయన ఇప్పుడు మందులు వాడుతూ బాగున్నారు. ఈమధ్య బస్సులో తిరుమల వెళ్లొచ్చి, లడ్డూ తెచ్చిచ్చారు. ‘దర్శనం బాగా అయిందండీ’ అన్నారు. కొండ ఎక్కడికీ పోదు. మనం సిద్ధమయ్యాకే వెళదాం.