ధ్రువాల మంచు, వంశధార వాన

ఒడిశా రాయగడ జిల్లాలో పద్మపూర్, గుణుపూర్, గుడారి వైపు తెలుగువాళ్ళు నలుగురు కూడితే మాట ఎక్కడ మొదలైనా వాన దగ్గరికే చేరుతుంది. చేరాలి కూడా. కొండవాలులో చోళ్ళు, పల్లంలో వరి, మెట్టలో పత్తి, అన్నిటికీ ఆ నాలుగు నెలల వానే ఆధారం. కొంతకాలంగా ఈ కబుర్లలోకి కొత్త సంగతి ఒకటి వచ్చింది. ఉత్తర ధ్రువం దగ్గర సముద్రం మీద మంచు కరిగిపోతోందట, మనకి వానలు అందుకే అదను తప్పుతున్నాయట. ఫోన్లో వీడియో చూసి ఒకరు ఈ మాట అంటారు, "అదంతా ఉత్తిదే బావూ" అని ఇంకొకరు కొట్టిపారేస్తారు. ఇద్దరి మాటలోనూ పొరపాటు ఉంది. పంట చేతికొచ్చే వేళ వాన ముంచేస్తే ఏడాది కష్టమంతా పోయే ఊళ్ళివి. ఇక్కడ ఈ లెక్క సరిగా తెలియడం అవసరమని నా పట్టుదల.

అపోహ: సముద్రం మీది మంచు కరిగితే కళింగపట్నం, బారువ మునిగిపోతాయి.

ముందు ఈ చిన్నదాన్ని తేల్చేద్దాం. సముద్రపు మంచు అంటే సముద్రపు నీరే గడ్డకట్టడం. ఉప్పునీరు కాబట్టి సున్నా దగ్గర గడ్డకట్టదు, సుమారు మైనస్ 1.8 డిగ్రీల దాకా చల్లబడాలి. గడ్డకట్టేటప్పుడు ఉప్పు చాలావరకు కిందికి కారిపోతుంది. అందుకే ఏళ్ళు గడిచిన గడ్డను కరిగిస్తే తాగడానికి పనికొస్తుంది. ఆ గడ్డ ముందే నీళ్ళమీద తేలుతోంది, తన బరువంత నీటిని ముందే పక్కకు తోసింది. కరిగినా సముద్రమట్టం దాదాపుగా పెరగదు. మట్టం పెంచేవి వేరే ఉన్నాయి: గ్రీన్‌లాండ్, అంటార్కిటికాలలో నేలమీద పేరుకున్న మంచు, కొండల మీది హిమానీనదాలు, వేడెక్కి ఉబ్బుతున్న సముద్రజలం.

సముద్రపు మంచు పోతే వచ్చే చిక్కు మరోటి. పైన కొత్తగా కురిసిన మంచు పరచుకున్న గడ్డ తనమీద పడిన ఎండలో 80 శాతానికి పైగా వెనక్కి తిప్పికొడుతుంది. అది పోయి నల్లటి నీరు బయటపడితే తిప్పికొట్టేది 6 శాతం మాత్రమే, మిగతాదంతా సముద్రమే మింగేస్తుంది. వేసవంతా అలా దాచుకున్న వేడిని శరదృతువులో పైన గాలికి వదులుతుంది. వాతావరణంతో లంకె పడేది ఇక్కడే.

అపోహ: దక్షిణ ధ్రువంలో మంచు పెరుగుతోంది కాబట్టి అటూ ఇటూ సరిపోతుంది.

ఈ మాటకు 2014 దాకా కొంత ఆధారం ఉండేది. ఆ సెప్టెంబరులో అంటార్కిటికా చుట్టూ సముద్రపు మంచు 2 కోట్ల చదరపు కిలోమీటర్లు దాటింది. 2016 చివర్లో అది ఒక్కసారిగా పడిపోయింది. 2023 ఫిబ్రవరిలో 17.9 లక్షల చదరపు కిలోమీటర్లకు దిగింది. ఉపగ్రహాల లెక్కలు మొదలైన 1979 నుంచి అంత తక్కువ ఎప్పుడూ లేదు. ఉత్తరాన తగ్గుదల అంతకుముందు నుంచే సాగుతోంది. 1980లలో వేసవి ఆఖరుకు సుమారు 70 లక్షల చదరపు కిలోమీటర్లు మిగిలేది, 2012 సెప్టెంబరులో 34 లక్షలే మిగిలింది. మన దేశ విస్తీర్ణం కంటే కాస్త ఎక్కువ, అంతే.

వీడియోలు చూసేటప్పుడు ఒకటి గుర్తుంచుకోవాలి. ఆర్కిటిక్ మంచు ఏటా మార్చికి నిండుగా పెరుగుతుంది, సెప్టెంబరుకు బాగా తగ్గుతుంది. మార్చి ఫొటో పక్కన సెప్టెంబరు ఫొటో పెట్టి చూపిస్తే ఎవరికైనా గుండె ఝల్లుమంటుంది. పోల్చాల్సింది సెప్టెంబరును సెప్టెంబరుతో.

అపోహ: కోరాపుట్‌లో, సెమిలిగుడలో ఇంత చలి వేస్తుంటే లోకం వేడెక్కడమేమిటి?

కోరాపుట్ సముద్రమట్టానికి సుమారు 870 మీటర్ల ఎత్తున ఉంది. డిసెంబరు, జనవరిలో ఆకాశం నిర్మలంగా ఉండి గాలిలో తేమ లేకపోతే, పగలు నేల పట్టుకున్న వేడి రాత్రికి రాత్రే పైకి పోతుంది. దానికి ఉత్తరాది నుంచి వచ్చే పొడిగాలి తోడైతే లంబసింగి నుంచి సెమిలిగుడ దాకా గజగజలే. ధ్రువాల చలిగాలి నేరుగా మన మీదికి రాకుండా హిమాలయాలు అడ్డున్నాయి. ఒక ఊళ్ళో ఒక వారం వేసిన చలిని బట్టి ఆర్కిటిక్ సంగతి చెప్పలేం.

అపోహ: ఈ ఏడు మంచు తక్కువంటే ఈ ఏడు మనకి కరువే. (వరదే అనేవాళ్ళూ ఉన్నారు.)

ఇది కాస్త నింపాదిగా చూడాల్సిన మాట. 2012లో ఆర్కిటిక్ మంచు అన్నిటికన్నా తక్కువకు పడిపోయింది, ఆ ఏడు దేశంలో నైరుతి వర్షాలు సగటు కంటే ఏడెనిమిది శాతం తగ్గాయి. సరిపోయింది అనిపిస్తుంది. కానీ 2020లో మంచు రెండో కనిష్ఠానికి చేరితే, ఆ ఏడు వానలు సగటు కంటే 9 శాతం ఎక్కువ కురిశాయి. ఒక ఏటి మంచుకూ అదే ఏటి మొత్తం వానకూ ఇలా ముడిపెడితే నిలవదు.

వానకు దూరాన ఎక్కడో ఆనవాలు వెతకడం మనకి కొత్త కాదు. 1880లలో వాతావరణ శాస్త్రవేత్త బ్లాన్‌ఫర్డ్ హిమాలయాల మీది మంచును చూసి రుతుపవనాల అంచనా కట్టాడు. 1904లో వాతావరణ శాఖ పగ్గాలు పట్టిన గిల్బర్ట్ వాకర్ లోకంలోని నానా చోట్ల పీడనం, వేడి, వానల లెక్కలు పోగుచేసి మన వానలతో పోల్చాడు. పసిఫిక్ మీద గాలి పీడనం ఊయల ఊగినట్టు అటూ ఇటూ మారుతుందని గుర్తించింది ఆయనే. ఎల్‌నినో లెక్క నేటికీ నిలబడటానికి పునాది అది. అయితే ఆయన పట్టుకున్న ఆనవాళ్ళలో కొన్ని తర్వాతి దశాబ్దాల్లో బలం కోల్పోయాయి. దూరపు సంబంధాలతో వచ్చే ఇబ్బంది ఇదే. ముప్పై ఏళ్ళు కుదిరింది ముప్పై ఒకటో ఏట కుదరాలని లేదు. సముద్రపు మంచు లెక్కకు ఉపగ్రహ కాలమంతా కలిపినా అర్ధశతాబ్దం కూడా నిండలేదు.

అపోహ: అయితే ధ్రువాల మంచుకూ మనకీ ఏ సంబంధమూ లేదు.

ఇది పై పొరపాటుకు మరో కొస. గోవాలోని జాతీయ ధ్రువ, సముద్ర పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలు, నార్వే పరిశోధకులు కలిసి 2021లో ఒక అధ్యయనం ప్రచురించారు. రష్యాకు ఉత్తరాన ఉన్న కారా సముద్రంలో వేసవి మంచు బాగా తగ్గిన ఏళ్ళలో, మధ్య భారతంలో సెప్టెంబరులో అతి భారీ వర్షాలు పడే అవకాశం పెరుగుతోందని అందులో చూపారు. వాళ్ళు చెప్పిన క్రమం ఇది: మంచు పోయిన చోట సముద్రం వేడి వదులుతుంది, వాయవ్య ఐరోపా మీద అధిక పీడనం బలపడుతుంది, అక్కడి నుంచి పై గాలుల్లో అల ఒకటి ఆసియా మీదికి సాగుతుంది, మన పైనున్న గాలుల తీరు మారుతుంది. అదే వేళకు అరేబియా సముద్రం వేడిగా ఉంటే తేమ పుష్కలంగా అందుతుంది. మొత్తం సీజను వానతో దీనికి పని లేదు, ఆఖరి అంకంలో కుంభవృష్టి సంగతే ఇది.

మాకు ఆ ఆఖరి అంకమే ప్రాణం. ఉత్తర, హస్త కార్తెల్లో వరి పొట్టమీద ఉంటుంది, చోళ్ళు కంకి వేస్తాయి, పత్తికాయ ముదురుతుంటుంది. అప్పుడు రెండు రోజుల్లో పడే ఇరవై సెంటీమీటర్ల వాన జూలైలో నెలంతా పడే వానకన్నా ఎక్కువ నష్టం చేస్తుంది. వంశధార కొండల మీంచి దూకుతూ వచ్చే నది, పొడవు సుమారు 250 కిలోమీటర్లే. పైన పడిన నీరు గుణుపూర్ దాటి గొట్టా బ్యారేజి చేరడానికి ఎక్కువసేపు పట్టదు.

అలాగని వరద ఏదొచ్చినా మంచు మీదికి నెట్టలేం. 1980 సెప్టెంబరులో వంశధార పొంగి గుణుపూర్ ప్రాంతాన్ని ముంచెత్తిన నాటికి ఆర్కిటిక్‌లో మంచు నిండుగా, 70 లక్షల చదరపు కిలోమీటర్లకు పైనే ఉంది. మంచు తగ్గడం వరదను పుట్టించదు. పాచికల్లో చెడ్డ పందెం పడే వీలు కొంచెం పెంచుతుంది, అంతవరకే.

అపోహ: తిత్లీ తుపాను ధ్రువాల మంచు కరగడం వల్లే వచ్చింది.

తిత్లీ 2018 అక్టోబరు 11 వేకువన పలాస దగ్గర తీరం దాటింది. తర్వాత బలహీనపడి ఈశాన్యానికి మళ్ళింది. గజపతి, రాయగడ కొండల్లో వాన దంచికొట్టింది, కొండచరియలు విరిగిపడ్డాయి, వంశధార పోటెత్తింది. ఆ తుపానుకు బలమిచ్చింది వేడెక్కిన బంగాళాఖాతపు నీరు, దాని మీద లేచిన తేమ.

వర్షాకాలంలో మన భారీ వానల పుట్టుక కూడా చాలావరకు బంగాళాఖాతంలోనే. అల్పపీడనం బలపడి వాయుగుండమై పూరీకీ గోపాలపురానికీ మధ్య తీరం దాటి వాయవ్యంగా కదిలితే, దాని నైరుతి పక్కన వాన అధికంగా కురుస్తుంది. కోరాపుట్, రాయగడలు తరచుగా ఆ పక్కనే పడతాయి. తేమగాలి తూర్పు కనుమలకు తగిలి పైకి లేస్తే ఇంకాస్త పెరుగుతుంది. టీవీలో "ఒడిశా తీరంలో వాయుగుండం" అన్నప్పుడు అది పూరీ వాళ్ళ సంగతిలే అనుకోవద్దు, అప్పుడు జాగ్రత్త పడాల్సింది మనమే.

ఈ వారం కోతకు దిగాలా ఆగాలా అన్నది బంగాళాఖాతం చెబుతుంది. ఈ సీజను ఎలా ఉంటుందన్నది ఎక్కువగా పసిఫిక్ చెబుతుంది. వాతావరణ శాఖ ఏప్రిల్‌లో ఒకసారి, మే నెలాఖరులో మరోసారి ఆ అంచనా ఇస్తుంది. సముద్రపు మంచు చూపించేది పిల్లల కాలానికి సెప్టెంబరు ఎలా మారబోతోందన్నది. గట్లు, కల్వర్టులు, ధాన్యం గోదాములు కట్టే అధికారులు ఆ లెక్క చూడాలి. రైతుకు కావలసిన సలహా మంగళ, శుక్రవారాల్లో వచ్చే వ్యవసాయ వాతావరణ బులెటిన్‌లో ఉంటుంది, మేఘదూత్ యాప్‌లోనూ దొరుకుతుంది.