చేతులు కడిగినా పోని సీసం.. రంగు మారి పట్టించే వైప్స్! ఎలా పనిచేస్తాయంటే..

సబ్బుతో చేతులు కడిగేశాం.. ఇక భయం లేదు, అన్నం తినేయొచ్చు అనుకుంటాం. మామూలు మట్టి విషయంలో అది కరెక్టే. కానీ సీసం, అదే లెడ్ విషయంలో అలా కాదు. దాని సన్నటి పొడి కంటికి కనిపించదు, వాసన కూడా రాదు. సబ్బుతో కడిగిన చేతికీ ఎంతో కొంత అంటుకునే ఉంటుంది. అలా దాక్కున్న లెడ్‌ను రంగు మార్చి పట్టించే వైప్స్ ఉన్నాయని మీకు తెలుసా?

ఎక్కడ పుట్టాయి?

ఉద్యోగుల ఆరోగ్యం, భద్రతపై పరిశోధనలు చేసే అమెరికా ప్రభుత్వ సంస్థ నియోష్. బ్యాటరీల తయారీ లాంటి చోట్ల పనిచేసే వాళ్ల చేతులపై ఈ సంస్థ సైంటిస్టులు దృష్టి పెట్టారు. సబ్బు, నీళ్లతో కడుక్కున్నాక కూడా చర్మంపై లెడ్ మిగిలి ఉంటోందని వాళ్లు గుర్తించారు. ఇక్కడే అసలు సమస్య. లెడ్ పొడి చర్మం గుండా లోపలికి వెళ్లేది తక్కువే. చేతి నుంచి అన్నం ముద్దకు, బీడీకి, అక్కడి నుంచి నోట్లోకి వెళ్లేదే ఎక్కువ. చెయ్యి నిజంగా క్లీన్ అయిందా లేదా అన్నది పనిచేసే మనిషికి అక్కడికక్కడే తెలియాలి కదా? ఆ అవసరం నుంచే రంగు మారే వైప్ వచ్చింది.

రంగు ఎలా మారుతుంది?

పసుపులో సున్నం కలిపితే ఎర్రగా మారడం మన ఇళ్లల్లో అందరికీ తెలిసిందే. పసుపులోని రంగు పదార్థం సున్నం తగలగానే మారిపోతుంది. ఇక్కడ కెమిస్ట్రీ వేరు కానీ, ఐడియా అలాంటిదే.

ముందుగా చేతిని, లేదా టేబుల్‌ను వైప్‌తో గట్టిగా తుడుస్తారు. వైప్‌లో ఉండే ద్రావణం లెడ్‌ను ఊడదీసి గుడ్డలోకి లాగుతుంది. తర్వాత దానిపై రోడిజోనేట్ అనే కెమికల్‌ను స్ప్రే చేస్తారు. లెడ్ లేకపోతే పసుపు రంగు అలాగే ఉంటుంది. ఉంటే పింక్ లేదా ఎరుపు రంగులోకి మారుతుంది. ల్యాబ్‌కు పంపి ఎదురుచూడాల్సిన పని లేదు, నిమిషాల్లో తేలిపోతుంది.

ఈ కెమికల్ కొత్తదేమీ కాదు. తుపాకీ పేల్చినప్పుడు మిగిలే పొడిలో లెడ్‌ను గుర్తించడానికి ఫోరెన్సిక్ నిపుణులు 1959 నుంచీ దీన్ని వాడుతున్నారు.

ఎందుకింత సీరియస్?

శరీరంలో ఇంత వరకు లెడ్ ఉన్నా పర్లేదు అని చెప్పే లెవెల్ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. పైగా పెద్దవాళ్లతో పోలిస్తే చిన్నపిల్లల ఒంట్లోకి అది 4 నుంచి 5 రెట్లు ఎక్కువగా చేరుతుంది. నేరుగా మెదడు ఎదుగుదలపై దెబ్బ కొడుతుంది. పిల్లలు నేలమీద పాకుతారు, ప్రతిదీ నోట్లో పెట్టుకుంటారు. నాన్న బ్యాటరీ షెడ్డు నుంచి అదే చొక్కాతో వచ్చి బిడ్డను ఎత్తుకుంటే.. ఆ పొడి ఇంట్లోకి వచ్చేసినట్టే!

ప్రపంచంలో దాదాపు 80 కోట్ల మంది పిల్లల రక్తంలో లెడ్ ఆందోళనకర స్థాయిలో ఉందని 2020లో యూనిసెఫ్, ప్యూర్ ఎర్త్ సంస్థల నివేదిక అంచనా వేసింది. వాళ్లలో 27 కోట్ల మందికి పైగా మన దేశంలోనే ఉన్నారట.

ఏలూరులో 2020 డిసెంబర్‌లో వందలాది మంది మూర్ఛతో పడిపోయినప్పుడు కూడా లెడ్ పేరు మార్మోగింది. ఎయిమ్స్ పరీక్షల్లో బాధితుల రక్తంలో లెడ్, నికెల్ కనిపించాయి. ఆ తర్వాత నిపుణులు పురుగుమందుల అవశేషాల వైపు వేలు చూపించారు.

ఇంట్లో గోడల సంగతీ చూడాలి. మన దేశంలో ఇళ్లకు వేసే పెయింట్‌లో లెడ్ 10 లక్షల పాళ్లలో 90కి మించకూడదన్న రూల్ 2017 నవంబర్ నుంచి అమల్లో ఉంది. అంతకుముందు వేసిన రంగుల్లో ఎంత ఉందో చూస్తే చెప్పలేం. వాటిని పొడిగా గీకితే ఆ దుమ్మంతా ఇల్లంతా పరుచుకుంటుంది.

రంగు మారకపోతే సేఫేనా?

తొందరపడొద్దు. ఈ టెస్ట్ పైపైన ఉన్నదాన్నే పట్టుకుంటుంది. కొత్త పెయింట్ కింద ఉన్న పాత పొరను చూడలేదు. లెడ్ మరీ తక్కువగా ఉంటే రంగు తేలకపోవచ్చు. ప్లాస్టర్ దుమ్ము కలిస్తే రిజల్ట్ తప్పొచ్చు. ఎంత ఉందో కచ్చితంగా తెలియాలంటే ల్యాబ్ టెస్ట్ చేయించాల్సిందే. ఒంట్లోకి ఎంత వెళ్లిందో చెప్పేది మాత్రం రక్తపరీక్ష ఒక్కటే.

రంగు పోతేనే క్లీన్!

దీనికి రివర్స్‌లో పనిచేసే వైప్స్ కూడా ఉన్నాయి. 2014లో ఎబోలా విజృంభించినప్పుడు కొలంబియా యూనివర్సిటీ స్టూడెంట్స్ బ్లీచ్‌కు నీలం రంగు తెచ్చే పొడిని తయారుచేశారు. తర్వాత వాళ్ల కంపెనీ కిన్నోస్ అదే ఐడియాను వైప్స్‌లోకి తెచ్చింది. తుడిచిన చోటల్లా నీలంగా కనిపిస్తుంది, కాబట్టి ఏ మూల వదిలేశామో ఇట్టే తెలిసిపోతుంది. కొద్ది నిమిషాలకు రంగు దానంతటదే మాయమవుతుంది. ఆ రంగు పోయేదాకా ఆగితే, క్రిములను చంపడానికి బ్లీచ్‌కు కావాల్సిన టైమ్ ఇచ్చినట్టే.

వైప్స్ లేకపోయినా ఇవి చేయొచ్చు

బ్యాటరీలు, సోల్డరింగ్, పాత పెయింట్ గీకే పనుల్లో ఉన్నవాళ్లు పనిచేసే చోట తినొద్దు, బీడీ, సిగరెట్ తాగొద్దు. సబ్బుతో పూర్తిగా పోకపోయినా చాలావరకు తగ్గుతుంది కాబట్టి చేతులు కడగడం మానొద్దు. బట్టలు, చెప్పులు అక్కడే మార్చుకోండి. ఆ బట్టలను పిల్లల బట్టలతో కలిపి ఉతకొద్దు. ఇంట్లో దుమ్మును చీపురుతో లేపకుండా తడిగుడ్డతో తుడవండి. అనుమానం ఉంటే డాక్టర్‌ను అడిగి పిల్లలకు లెడ్ రక్తపరీక్ష చేయించండి. లక్షణాలు కనిపించేదాకా ఆగితే, అప్పటికే జరగాల్సిన నష్టం జరిగిపోయి ఉండొచ్చు.