ప్రతిపక్షమున నుండి ప్రజాసేవ: వావిలాల గోపాలకృష్ణయ్యగారు

అధికారము చేత లేనివాడు ప్రజలకేమి చేయగలడను సందేహము లోకమున సహజము. వావిలాల గోపాలకృష్ణయ్యగారి ప్రజాజీవితము ఆ సందేహమునకు తగిన సమాధానము.

వీరు 1906 సెప్టెంబరు 17వ తేదీన, నేడు పల్నాడు జిల్లాలోనున్న సత్తెనపల్లిలో జన్మించిరి. స్వాతంత్ర్యోద్యమమున పాల్గొని కారాగారవాస మనుభవించిరి. 1952లో మద్రాసు శాసనసభకును, 1955లో ఆంధ్రరాష్ట్ర శాసనసభకును, 1962, 1967లలో ఆంధ్రప్రదేశ్ శాసనసభకును సత్తెనపల్లి నుండియే ఎన్నికైరి. మంత్రిపదవి నెన్నడును చేపట్టలేదు.

ప్రతిపక్ష సభ్యునికి గల సాధనములు ప్రశ్న, సవరణ, కోత తీర్మానము మున్నగునవి. ఇవి చూచుటకు స్వల్పములు. కాని సభలో మంత్రి యిచ్చిన సమాధానము లిఖితమై నిలుచును. చెప్పిన పని జరుగనిచో మరల నడుగుటకు అదియే ఆధారము. నందికొండ ఆనకట్టకొరకును, విశాఖ ఉక్కు కర్మాగారముకొరకును గళమెత్తిన వావిలాలవారు తెలుగు పరిపాలనాభాష కావలెననియు పట్టుబట్టిరి.

1966లో ఆంధ్రప్రదేశ్ అధికార భాషా చట్టము వచ్చినది. అయితే చట్టము వచ్చినంతనే కచేరీల భాష మారదు. టైపు యంత్రములు, పారిభాషిక పదములు, తెలుగున ఉత్తరువులు వ్రాయగల ఉద్యోగులు సమకూడవలెను. అమలును కనిపెట్టుటకై 1974లో ప్రభుత్వము అధికార భాషా సంఘము నేర్పరచి, ఈ ప్రతిపక్షవాదినే తొలి అధ్యక్షునిగా నియమించినది. 1992లో వీరికి పద్మభూషణ పురస్కారము లభించినది. 2003 ఏప్రిల్ 29న దివంగతులైరి.

జాలహళ్ళి ప్రాంతపు తెలుగువారికి ఆ చట్టము వర్తింపదు. 1956 నవంబరు 1న రాయచూరు జిల్లా హైదరాబాదు రాష్ట్రమునుండి మైసూరు రాష్ట్రమున చేరినది. ఇచ్చట రాజభాష కన్నడము. దానిని చక్కగా నేర్చుట మన విధి. అయినను, అదే సంవత్సరమున ఏడవ సవరణచే రాజ్యాంగమున చేరిన 350-ఎ అధికరణము, భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషాబోధనకు తగిన వసతులు కల్పింప యత్నింపవలెనని రాష్ట్రములకు నిర్దేశించుచున్నది.

ఈ వాక్యము తనంతట తానై పాఠశాలలో ఉపాధ్యాయుని నియమింపదు, పాఠ్యపుస్తకము నందింపదు. తలిదండ్రులు పిల్లలను తెలుగు తరగతిలో చేర్పించి, కొరతలను అర్జీలో వ్రాసి, వచ్చిన జవాబును భద్రపరచి, గడువు దాటినచో మరల నడుగవలెను. వావిలాలవారు శాసనసభలో చేసిన పని యిట్టిదే. దానికి పదవి యక్కరలేదు. ఓపికయు, ఐకమత్యమును వలయును. పిల్లలు లేని తరగతిని ఏ అధికరణమును నిలుపజాలదు.