పెట్టకు సరే, పుంజుకు వద్దు

న్యూయార్క్ నగరంలో ఇంటి పెరట్లో కోడిపెట్టలను పెంచుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఇన్నే ఉండాలన్న లెక్క కూడా లేదు. పుంజును మాత్రం ఉంచుకోకూడదు. బాతులు, టర్కీ కోళ్లకూ ప్రవేశం లేదు. నగర ఆరోగ్య నియమావళిలో ఉన్న మాట ఇది. పెట్టకు అవునని, పుంజుకు కాదని చెప్పే ఈ పద్ధతే అమెరికాలో చాలా ఊళ్లలో కనిపిస్తుంది. సియాటిల్ 2010లో పెట్టల పరిమితిని మూడు నుంచి ఎనిమిదికి పెంచింది. అప్పుడే కొత్తగా పుంజులను తెచ్చుకోవడాన్ని ఆపేసింది.

పుంజు లేకపోతే గుడ్లెలా అని అడిగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. పెట్ట గుడ్డు పెట్టడానికి పుంజుతో పని లేదు. పిల్లలు కావాలంటేనే పుంజు కావాలి. కాబట్టి పుంజును వద్దన్నంత మాత్రాన ఆ ఇంటికి గుడ్డు దూరం కాదు.

ఇంతకీ పుంజుతో తగువంతా దాని కూతతోనే. బెల్జియం పరిశోధకులు పుంజు చెవి పక్కనే మైకు పెట్టి కొలిస్తే చప్పుడు 100 డెసిబెల్స్ దాటింది. నోరు బాగా తెరిచి కూసేటప్పుడు దాని చెవి రంధ్రం మూసుకుపోతుంది కాబట్టి చెవుడు రాదు. జపాన్‌లోని నగోయా విశ్వవిద్యాలయం వాళ్లు 2013లో మరో సంగతి తేల్చారు. పుంజు వెలుగు కోసం కాచుకుని కూర్చోదు. ఒంట్లోని గడియారాన్ని బట్టి తెల్లవారక ముందే మొదలుపెడుతుంది.

2025 ఫిబ్రవరిలో కేరళలోని అడూర్ ఆర్డీవో దగ్గరికి సరిగ్గా ఇలాంటి ఫిర్యాదే వచ్చింది. పక్కింటి మేడ మీది పుంజు తెల్లవారుజామున మూడింటికే కూస్తోందని, నిద్ర ఉండడం లేదని ఒక పెద్దాయన మొరపెట్టుకున్నారు. విచారించిన ఆర్డీవో కోళ్ల షెడ్డును 14 రోజుల్లో అక్కడి నుంచి మార్చమన్నారు. కోళ్లను వదిలించుకోమనలేదు, చోటు మార్చమన్నారు. నాకు ఇది చాలా సబబైన తీర్పు అనిపిస్తుంది.

ఫ్రాన్స్‌లో కథ ఇంకోలా నడిచింది. ఓలెరాన్ దీవిలో మోరిస్ అనే పుంజు ఉండేది. సెలవుల ఇంటికి వచ్చే పొరుగువాళ్లు దాని కూత భరించలేక కోర్టుకెక్కారు. 2019 సెప్టెంబరులో రోష్‌ఫోర్ కోర్టు మోరిస్ పక్షాన నిలిచి, యజమానికి 1,000 యూరోలు చెల్లించమని ఫిర్యాదుదారులను ఆదేశించింది. పల్లెకు వచ్చి పల్లె చప్పుళ్లు వద్దనడం ఏమిటని దేశమంతా చర్చ జరిగింది. 2021 జనవరిలో పల్లెటూరి శబ్దాలను, వాసనలను వారసత్వంగా గుర్తించే చట్టమే వచ్చింది. దాన్ని చూడటానికి మోరిస్ లేదు, 2020లోనే జబ్బు చేసి పోయింది.

అమెరికాలో ఇల్లు కొనుక్కున్న మన తెలుగువాళ్లు పెరట్లో మునగ, కరివేపాకు వేసుకున్నాక నాటుకోళ్ల మీదికి మనసు పోనిస్తారు. నగరం ఒప్పుకుందని గూడు కట్టేయకూడదు. కాలనీకి ఇళ్ల యజమానుల సంఘం, అంటే హెచ్ఓఏ ఉంటే, ఇల్లు కొనేటప్పుడు సంతకం పెట్టిన నిబంధనల్లో కోళ్లు వద్దని ఉండొచ్చు. అప్పుడు నగరం ఇచ్చిన అనుమతి పనికిరాదు. గూటికీ పక్కింటి గోడకూ మధ్య ఎన్ని అడుగులుండాలో కూడా ఊరూరికీ మారిపోతుంది. నగరం నియమాలు, సంఘం నిబంధనలు రెండూ చదివాకే కోడిపిల్లలను తెచ్చుకోవాలి. తెచ్చి, పిల్లలు వాటికి పేర్లు పెట్టుకున్నాక పంపించేయాల్సి వస్తే ఇంట్లో ఏడుపులు తప్పవు.

ఇంగ్లండ్, వేల్స్‌లలో 2024 అక్టోబరు 1 నుంచి ఒక్క కోడి ఉన్నా ప్రభుత్వం దగ్గర నమోదు చేయించాలి. అంతకుముందు 50 పక్షులు దాటితేనే ఆ బాధ్యత ఉండేది. బర్డ్ ఫ్లూ వస్తే ఎవరి పెరట్లో ఏముందో తెలియాలన్నది కారణం. మరో నిబంధన మనవాళ్లను నిజంగా ఆశ్చర్యపరుస్తుంది. మాంసం, పాలు, గుడ్లు ఏవీ అడుగుపెట్టని వంటిల్లయితే తప్ప, వంటింట్లో మిగిలినవి కోళ్లకు వేయడం అక్కడ చట్టవిరుద్ధం. మనకైతే మిగిలిన అన్నం మొదట వెళ్లేది కోళ్ల దగ్గరికే!

అదే ఫ్రాన్స్‌లోని కోల్మార్ ప్రాంతంలో 2015 నుంచి వంటింటి చెత్త తగ్గించడానికి స్థానిక సంస్థే కుటుంబాలకు కోళ్లు పంచుతోంది.

ఫ్లోరిడాలోని కీ వెస్ట్‌లో కోళ్లు వీధుల్లోనే తిరుగుతాయి. వాటికి హాని చేయకూడదు. సంఖ్య మరీ పెరగడంతో 2021లో వాటికి మేత వేయడాన్ని కూడా నిషేధించారు.

మన దేశంలో పెరటి కోళ్లు ఇన్నే ఉండాలని చెప్పే జాతీయ చట్టం ఏదీ లేదు. నిజానికి ప్రభుత్వమే ప్రోత్సహిస్తుంది. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కేంద్ర కోళ్ల పరిశోధన సంస్థ వనరాజా, గ్రామప్రియ రకాలను పెరటి పెంపకం కోసమే రూపొందించింది. గోదావరి జిల్లాల్లో పందెం పుంజును ముద్దుగా పెంచుకోవడం నేరం కాదు. బరిలో దించితే మాత్రం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం అడ్డొస్తుంది.

బర్డ్ ఫ్లూ నిర్ధారణ అయితే ఒక కిలోమీటరు పరిధిలో పెరటి కోళ్లతో సహా అన్నిటినీ చంపేస్తారు. అక్కడి నుంచి పది కిలోమీటర్ల దాకా నిఘా ఉంచుతారు. అలా చంపిన పక్షులకు కేంద్రం, రాష్ట్రం చెరిసగం భరించి పరిహారం ఇస్తాయి. కోళ్లు వరుసగా చనిపోతుంటే పశువైద్యుడికి వెంటనే చెప్పడం అందుకే ముఖ్యం. అధికారులు రాకముందే చచ్చి పాతిపెట్టినవాటిని ఆ లెక్కలో చూపించడం కష్టం.